ఎవరి డబ్బా వాళ్లకే

మా పక్కింటి చాచా పోయారు. కాలేజీలో కంప్యూటర్ క్లాసు చెబుతుండగా చాచీ ఫోన్ చేసి, "మీ చాచా పోయిండు బిడ్డా" అని పెట్టేసింది. నేను మిగిలిన పాఠం చెప్పి, హాజరు కూడా వేసి ఇంటికొచ్చాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. మనసు మొద్దుబారిపోయింది, అంతే.

కొత్తవాడలో చాచాది జంపఖానాలు నేసే మగ్గం. నడుం నొప్పితో మగ్గం దిగాక ఆయన చేతికి ఫోన్ వచ్చింది. ఇక చూడాలి! కంటపడిన రీలునల్లా సేవ్ చేసుకునేవారు. తీరా కావాల్సినప్పుడు ఒక్కటీ దొరికేది కాదు. "జర గిది ఎతికిపెట్టు బిడ్డా" అంటూ మా గడప దగ్గర నిలబడేవారు. ఆ పోరు పడలేక ఆయన ఫోన్లో ఒక ఏఐ యాప్ పెట్టిచ్చాను. దాచుకున్నవాటిని వంటలు, ఆరోగ్యం, నేత అంటూ వేర్వేరు డబ్బాల్లోకి దానంతట అదే సర్దుతుంది. తెలుగులో అడిగితే వెతికిపెడుతుంది.

చాచాకు ఆ సర్దడం నచ్చలేదు.

"మోకాళ్ల నొప్పులేంది బిడ్డా? అది మీ చాచీది. మేకల పెంపకం మా అల్లునిది. ఎవల డబ్బా వాళ్లకు పెట్టుమను."

"యాప్‌కు మనుషులు తెల్వరు చాచా."

"తెల్వకపోతే నేను చెప్త. గదాన్కేం ఫికర్?"

నిజంగానే చెప్పారు. అరుగు మీద కూర్చుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఏ వీడియో ఎవరిదో వాడంతా వినేట్టు చెప్పేవారు. ఆ మనిషి ఎదురైతే ఆపి చూపించేవారు. చూపించాక "ఇచ్చిన" అంటే యాప్ దాన్ని ఆ మనిషి పేరుతో ఉన్న డబ్బాలోంచి తీసేసేది. బస్సు టైమవుతోందన్నా వినేవారు కాదు. నేను చాలాసార్లు ఆ అరుగును తప్పించుకుని తిరిగాను. "దాసుకుంటే ఏమొస్తది బిడ్డా, ఇయ్యాలె గని" అనేవారు.

చాచా పేరున దువా చదివించి, వండి పంచే నలభై దినాల ఫాతెహా దగ్గరపడుతుండగా చాచీ ఆ ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"దవాఖానల ఆఖరు దినం ఏదో వంట సూపెట్టి, ఇంటికి పోయినంక ఇది చెయ్ అన్నడు. అటు నర్సు పిలుత్తాంది. నేను సూడకుండనే సరే అన్న. ఏం తినబుద్ధయిందో ఏమో. ఫాతెహాకన్న వండాలె. జర ఎతుకు బిడ్డా."

ఆమె గొంతులోనూ తడి లేదు.

"నా డబ్బాల సూడు. వండేది నేనే గదా" అంది. చూశాను. మోకాళ్లకు వ్యాయామాలున్నాయి, కళ్లజోళ్లున్నాయి, వంట ఒక్కటీ లేదు. చాచా పేరుతో అసలు డబ్బానే లేదు. చివరికి యాప్‌నే అడిగాను, ఆఖరున దాచిన వంట ఏదని.

సజ్జ రొట్టెల మలీద. ఎవరో ఒకావిడ రొట్టెలు నలిపి, బెల్లం కలిపి ముద్దలు కడుతోంది. కింద డబ్బా పేరు: పక్కింటి బిడ్డ.

యాప్ పెట్టిచ్చిన రోజు చాచీ గోధుమ రొట్టెలతో చేసిన మలీద పెట్టింది. మా అమ్మ బతుకమ్మకు సజ్జలతో చేసేదని, అమ్మ పోయాక మళ్లీ తినలేదని అన్నాను. మాటల్లో మాటగా అన్నాను, తర్వాత నాకే గుర్తులేదు.

చాచీ ఆ వీడియో చివరిదాకా చూసింది. "ఆయనకు సజ్జలు పడనే పడయి" అంది.

ఫాతెహా అయ్యాక సజ్జ మలీద గిన్నె అరుగు మీదికి తెచ్చి, మొదటి ముద్ద నా చేతిలో పెట్టింది.

"ఎట్లున్నది? మీ అమ్మ చేసినట్టున్నదా?"

ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. రుచి తెలియలేదు. ఉందన్నాను.

చాచీ అరుగు మీదున్న ఫోన్ తీసింది. చాచాలాగే నోటి దగ్గర పెట్టుకుని, వాడంతా వినేట్టు చెప్పింది.

"పక్కింటి బిడ్డకు ఇచ్చిన."

తెర మీద నా డబ్బా ఖాళీ అయింది. మిగిలిన ముద్ద నా అరచేతిలో ఇంకా వెచ్చగానే ఉంది, బెల్లం వేళ్లకు అంటుకుంటోంది.