టచింగ్ మాస్టారు చెరిపిన పుట్టుమచ్చ

టచింగ్ మాస్టారు ఎప్పుడో పోయిన తన తల్లిని ఆమధ్య పళ్లెంలో నీళ్లు పోసి, అందులో ముంచి చంపాడు. చంపాడంటే మరీ చంపలేదనుకోండి. ముంచిన మాట మాత్రం నిజం.

ఆయన ఫొటో స్టూడియోలో టచింగ్ పని చేసి రిటైరయ్యాడు. ఫొటోలో మొటిమలనీ మచ్చలనీ బ్లేడు మొనతో గీకి, సన్న కుంచెతో పూడ్చి, పిల్లనెవరూ ఇవ్వరనుకున్నవాణ్ని కూడా పెళ్లికొడుకుని చేసిన చెయ్యి అది. పని మానాక ఊరుకోలేక బొమ్మల్లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. పాత ఫొటోను గోరువెచ్చని నీళ్లలో నానబెడితే బొమ్మ ఉన్న పైపొర మీగడలా తేలుతుంది. దాన్ని కాన్వాసు మీదికి జార్చి, చుట్టూ రంగులు వేస్తాడు. బాబాయిలూ మేనత్తలూ ఎరుపులోనో పసుపులోనో తేలిపోయాక, అక్క దగ్గరున్న అమ్మ ఫొటో అడిగాడు. అమ్మకున్నది ఆ ఒక్క ఫొటోనే.

"పాడుచేశావో, నీ ముఖం చూడను," అంటూనే ఇచ్చింది అక్క.

పొర చిరగకుండా దిగింది. చుట్టూ నీలం పూస్తూ, ఇది చాలా, ఇంకాస్త చిక్కబడాలా అన్న ఆలోచనలో పడ్డాడు మాస్టారు. బుర్ర నీలంలో ఉండగా చెయ్యి పాత స్టూడియోకి వెళ్లిపోయింది. తేరుకుని చూస్తే బ్లేడు మొన మీద నల్లటి నలుసు. అమ్మ బుగ్గ మీది పుట్టుమచ్చ.

ఏ బుగ్గ మీద గీకాడో భూతద్దం పెట్టి వెతికినా ఆనవాలు దొరకలేదు. పదిమందీ మెచ్చుకున్న పనితనమే కొంప ముంచింది.

సాయంత్రం అక్క వచ్చి బొమ్మ ముందు నిలబడింది.

"ఎవర్రా ఈవిడ?"

"అమ్మే అక్కా."

"మచ్చేదీ?"

"అలవాటున గీకేశాను. ఏ బుగ్గో చెప్పు, చిటికెలో పెట్టేస్తా."

"అమ్మకేమన్నా పెళ్లిసంబంధాలు చూస్తున్నావుట్రా? ఎడమ బుగ్గ." తన ఎడమ బుగ్గ మీద వేలు పెట్టి చూపించింది అక్క. ఒడిలో కూర్చుని ఎదురుగా చూసిన ముఖం గుర్తొచ్చిందో ఏమో, ఆ వేలు మెల్లగా కుడివైపు జరిగింది. మళ్లీ ఎడమకి వచ్చింది. చివరికి చెయ్యి దించేసింది. "నీకు గుర్తులేదూ?"

"ఫొటో ఉందిగదా అని ఎప్పుడూ గుర్తుపెట్టుకోలేదక్కా."

"నేనూ అంతే," అంది అక్క.

మాస్టారు కుంచెను నలుపులో ముంచాడు. అక్క ఆయన మణికట్టు పట్టుకుంది.

"వద్దురా. నువ్వెక్కడ పెట్టినా అచ్చం అమ్మ మచ్చలాగే ఉంటుంది. రెండ్రోజులు పోతే నేనూ నమ్మేస్తాను."

ఆరని బొమ్మను చీరకు తగలకుండా దూరంగా పట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఈ సంగతి మాస్టారినే అడిగి చూడండి. బ్లేడు తుడుచుకుంటూ, తలెత్తకుండా చెబుతాడు: "ఎవరో కట్టుకథ చెప్పారండీ. నేను ఏ ఫొటోనూ నానబెట్టలేదు, ఏ మచ్చా గీకలేదు. అసలు మా అమ్మకి పుట్టుమచ్చే లేదు."