చర్చి లేదన్న ఊళ్లో గుడికి వెళ్లిన ఆదివారం

నేను తెనాలిలో పిల్లలకు భూగోళం చెబుతాను, సెలవుల్లో తిరుగుతాను, తిరిగింది ఇక్కడ రాస్తాను. పోయిన వేసవిలో మన రాష్ట్రంలో క్రైస్తవులు ఏ జిల్లాలో ఏ మేరకు ఉన్నారో రంగులు వేసి ఒక పటం పెట్టాను. పాత జనాభా లెక్కలు ముందేసుకుని గుంటూరు, కృష్ణా, గోదావరి వైపు ముదురు నీలం కొట్టుకుంటూ వచ్చి, కర్నూలుకు పడమర ఆదోని, ఎమ్మిగనూరు దగ్గరికి వచ్చేసరికి దాదాపు తెల్లగా వదిలేశాను. అది చాలదన్నట్టు "ఇటువైపు చెప్పుకోదగ్గంత మంది లేరు" అని ఒక వాక్యం పడేశాను. దాని కింద ఎవరో పాఠకుడు "టీచరమ్మా, ఒక ఆదివారం వచ్చి చూసి మాట్లాడు" అని రాశాడు. నాకు ఒళ్లు మండింది. లెక్కలు చూసి వేసిన పటానికి వంకలా! సరే చూద్దాం పదమని నవంబరులో రైలెక్కి, గుంతకల్లులో మారి, ఆదివారం ఉదయం ఆరున్నరకు ఆదోనిలో దిగాను.

స్టేషను బయటే ఉగ్గాని తిన్నాను. నానబెట్టిన బొరుగులకు తాళింపు పెట్టి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు వేసి ఇస్తారు. నలభై రూపాయలు, మధ్యాహ్నం దాకా ఆకలి ఊసుండదు. పత్తి, ధాన్యం వ్యాపారుల దుకాణాలన్నీ ఆ పొద్దున మూసే ఉన్నాయి. ఊళ్లో పాత చర్చి ఒకటి ఉందని బజ్జీలు వేసే ఆవిడ చెప్పింది గానీ, నాకు కావలసింది పల్లెలు. ఎమ్మిగనూరు బస్సులు అరగంటకొకటి ఉన్నాయి, ప్రయాణం గంట, టికెట్టు యాభై లోపే. దారికి రెండు వైపులా పత్తి విచ్చుకుని ఉంది. కిటికీ పక్కన కూర్చుంటే మెడ నొప్పి పుట్టేదాకా చూస్తారు.

ఎమ్మిగనూరులో దిగి సి.బెళగల్ వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. మనిషికి ముప్పై రూపాయలు. నడిపేది బాషా అనే నడివయసు మనిషి. లోపల అప్పటికే ముగ్గురు ఆడవాళ్లు, తలనిండా కనకాంబరాలు, ఒళ్లో తువాలులో చుట్టిన ఏవో పొట్లాలు. నేను పుస్తకం, పెన్ను తీసి, మీ ఊళ్లో చర్చి ఉందా అని అడిగాను. ముగ్గురిలో పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి లేదంది. మరి మీరెక్కడికి అంటే గుడికి అంది. నేను లోపల్లోపల చంకలు గుద్దుకున్నాను. నా పటమే గెలిచింది కదా!

వాళ్లు ఊరి మొదట్లో దిగిపోయారు. ఇక ఆటో తిప్పమని బాషాతో అన్నాను. ఆయన నవ్వాడు.

"అమ్మా, ఆయమ్మోళ్లు పోయింది ఏసయ్య గుడికే. ఈడ సర్చి అని ఎవరంటారు? గుడే అంటారు. నువ్వు పెన్ను పట్టుకోని అడిగితివి, లెక్కలోళ్లనుకోని లేదనేసినారు."

నాలుక కరుచుకుని దిగాను. మా గుంటూరు వైపు గుడి అంటే ఒకటే అర్థం. ఇక్కడ ఎవరి గుడి వాళ్లది.

ఆ గుడి రేకులు కప్పిన ఒక పెద్ద గది. బయట చెప్పుల వరసలు, లోపల చాపల మీద మోకాలికి మోకాలు తగిలేంత జనం, డప్పు మీద పాటలు. వాళ్లలో ఎక్కువమంది పొలం పనులకు పోయేవాళ్లు. ఆటోలో చూసిన పెద్దావిడ నన్ను చూసి, అబద్ధం దొరికిపోయిన పిల్లలా నవ్వి, జరిగి చాప మీద చోటిచ్చింది. పాస్టరుగారు ఆమెను రూతమ్మా అని పిలిచారు. ప్రార్థన అయ్యాక అందరినీ నిలబెట్టి ఫోటో తీశాను. రూతమ్మ, ఎండలో ఏం పోతావు, రొట్టె తిని పొమ్మని ఇంటికి తీసుకుపోయింది.

ఇంటికి చేరగానే పొరుగావిడ గోడ మీదుగా "ఉరుకుందమ్మా" అని పిలిస్తే ఈమే పలికింది. ఇదేంటని అడిగాను. ఇటువైపు ఉరుకుంద అనే ఊళ్లో వెలసిన ఈరన్నస్వామి పేరు ఇంటికొకరికి ఉంటుంది, అమ్మానాన్న పెట్టిన పేరు అదేనట. ఆధారులో, రేషను కార్డులో ఉరుకుందమ్మ. గుడిలో రూతమ్మ. వాళ్లు ఎస్సీలు. ఎస్సీలు క్రైస్తవులమని కాగితం మీద రాయించుకుంటే చట్టం వాళ్లను ఎస్సీలుగా లెక్కించదు. ఈ సంగతి నేను బళ్లో పాఠంలా చెప్పినదాన్నే. అది ఒక ఇంట్లో జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి మధ్యన కూర్చుని ఉంటుందని మాత్రం ఎన్నడూ తోచలేదు.

రొట్టె తడుతూ, ఆ ఫోటో ఎక్కడ వేస్తావని అడిగింది. నేను గొప్పగా చెప్పాను: ఊరి పేరు, మీ పేరు రాసి ఇంటర్నెట్టులో పెడతాను, నా పటం తప్పని ఒప్పుకుని సరిచేసుకుంటాను అని. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మా పాపకు నర్సింగు సీటొచ్చినాది. కులం సర్టిఫికెట్టుకు మంగళారం ఇచారణకొస్తాండారు. నువ్వు పటం సరిజేసుకుంటే, మా పాప సీటు పోతాది గదక్కా."

పాప తలుపు దగ్గరే నిలబడి ఉంది. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. మా నాన్న పెట్టిన మరియ అనే పేరుతోనే నాకు బడి, ఉద్యోగం, పెళ్లి అన్నీ గడిచాయి. ఏ ఆఫీసు గుమ్మం దగ్గరా దాన్ని మడిచి దాచుకోవలసిన అవసరం రాలేదు. వెంటనే ఫోనులోంచి ఆ ఫోటో తీసేశాను. పాప మెల్లగా ఫోను అడిగి తీసుకుని, తీసేసినవి ఇంకో చోట ఉంటాయి మేడం అంటూ అక్కణ్నించి కూడా తుడిచి ఇచ్చింది. రూతమ్మ ఊపిరి పీల్చుకుని, నా పళ్లెంలో అడక్కుండానే ఇంకో రొట్టె వేసింది.

బయల్దేరేటప్పుడు తన కోసం, పాప కోసం ప్రార్థన చెయ్యమని అడిగింది. నేను నిజంగానే తెలియక, మీ పేరు ఏదని చెప్పి చెయ్యాలి అని అడిగాను. ఆమె పకపకా నవ్వింది.

"ఏదన్నా సెప్పక్కా. దేవునికి రెండూ తెలుసు. ఆఫీసోళ్లకే ఒకటి."

సాయంత్రం నాలుగు గంటల బస్సుకు ఆదోని తిరిగొచ్చాను. ఇక్కడ రాసిన ఆమె పేర్లు రెండూ మార్చాను, ఊరి పేరు మింగేశాను, పటం ముట్టుకోలేదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు, పటంలో తెల్లగా ఉన్నచోట ఏమీ లేదని అర్థమని చెబుతూ వచ్చాను. ఆ చాప మీద నాకు చోటిచ్చినవాళ్లను తలుచుకుంటే ఇప్పుడు ఆ మాట నోట రాదు. వాళ్లు నన్ను మోసం చెయ్యలేదు. ఒక్క పేరే పట్టే గడిలో రెండు పేర్ల మనిషిని ఇమిడ్చి బతుకుతున్నారు, అంతే. మంగళవారం బళ్లో పాఠం చెబుతూ పదిసార్లు గడియారం చూశాను. ఏమైందో నాకు తెలీదు. ఫోన్ నంబరు ఆమె ఇవ్వలేదు, నేను అడగలేదు.

వెళ్లాలనుకునేవాళ్లు ఎమ్మిగనూరులో తొమ్మిది లోపే షేర్ ఆటో పట్టుకోండి, తరవాత తగ్గిపోతాయి. ఏ ఊళ్లో దిగినా ఏసయ్య గుడి ఎటని అడగండి, చూపిస్తారు. పేరు మాత్రం వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా అడగకండి.