కాఫీ మిషన్‌లో ఊపిరి

నాన్న పోయిన తర్వాత మా ఇంట్లో ఆయన ఊపిరి మొదట విన్నది అమ్మ. ఆ మాట నాతో అనడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. అప్పటికి నేనూ విన్నాను. విన్నానని చెప్పడానికి నాకే నోరు రాలేదు.

మేముండేది నరసరావుపేట శివార్లలోని ఒక కాలనీలో. నేను బడిలో పాఠాలు చెబుతాను, ఆదివారాలు మా సంఘంలో పిల్లలకు వాక్యం నేర్పుతాను. నా పెళ్ళి మాట ఇంట్లో ఎత్తడం మానేసి చాలా కాలమైంది. అమ్మ, నాన్న, నేను, ముగ్గురమే. నాన్న వయసంతా సున్నపు బట్టీల దగ్గర గడిచింది. రాయి కాల్చి, సున్నం ఎత్తి, ఆ పొడి పీల్చి పీల్చి, చివరికి గాలి సుళువుగా తిరగని రొమ్ముతో మంచం పట్టాడు. ఆ చివరి ఏడాదిలో ఆయనకు మిగిలిన సంతోషం కాఫీ ఒక్కటే.

ఆ కాఫీ మిషన్ మా బడిలో పనిచేసిన ఒక మేడమ్ ఊరు మారుతూ నాకిచ్చి వెళ్ళింది. వెనక నీళ్ళ తొట్టి, పైన పొడి వేసే జల్లెడ, కింద గాజు కూజా. మీట నొక్కితే నీళ్ళు లోపలి గొట్టంలో కాగి, పైకెక్కి, పొడి మీద చుక్కచుక్కగా పడతాయి. పొడి రెట్టింపు వేసి డికాషన్ తీసుకుని పాలు కలిపేవాళ్ళం. నాన్న మంచం పక్కన స్టూలు వేసి దాన్ని పెట్టాను. నేను రాత్రే నీళ్ళూ పొడీ సిద్ధం చేసి ఉంచితే, తెల్లవారి మెలకువ రాగానే ఆయన చెయ్యి చాచి మీట నొక్కేవాడు. ఇంట్లో ఆయన చేసే పని అదొక్కటి. దాన్ని ఎవరినీ చేయనిచ్చేవాడు కాదు.

మా బోరు నీళ్ళలో పప్పు ఉడకదు. గిన్నెల అంచుకి తెల్లటి వలయం కట్టి, గీకినా పోదు. మిషన్‌లో క్యాన్ నీళ్ళు పోద్దామంటే అమ్మ ఒప్పుకునేది కాదు.

“ఎట్టాగూ మరిగే నీళ్ళకి క్యాన్ నీళ్ళెందుకే. తాగేదానికి ఉండనియ్.”

నాన్న మా విశ్వాసంలోకి ఆఖర్న వచ్చాడు. బతికినంతకాలం ఆయన ప్రార్థన పందిరి బయట కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి. క్రిస్మస్‌కి భోజనం దాకా ఉండి, ప్రార్థన మొదలైతే బీడీకి లేచేవాడు. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం పాస్టరు గారు చూడడానికి వస్తే, ఉన్నట్టుండి “నాకు బాప్తిస్మం ఇవ్వండయ్యా” అన్నాడు. మా సంఘంలో బాప్తిస్మమంటే సాగర్ కాలువలో నిండా ముంచి లేపడమే. కాలువకి అప్పుడు నీళ్ళు వదల్లేదు. వదిలినా ఆయన్ని అక్కడిదాకా మోసుకెళ్ళే స్థితి లేదు. పాస్టరు గారు కాసేపు కళ్ళు మూసుకుని, అమ్మ తెచ్చిన చెంబులోని నీళ్ళు ఆయన నెత్తిన పోశారు. తలదిండు తడిసింది. నాన్న నవ్వాడు. నేను ఆ రోజు ఏడ్చినంత సంతోషంతో ఎప్పుడూ ఏడవలేదు.

తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. ఒక ఉదయం నేను పాల ప్యాకెట్ కోసం వెళ్ళినప్పుడు పోయాడు. మిషన్ ఆయనే వేసుకున్నాడట. డికాషన్ దిగుతుండగా గొంతులో గురగుర మొదలైంది, తర్వాత ఆగింది. అమ్మ చూసింది, చేత్తో ముక్కు దగ్గర తడిమింది, ఇక లేదనుకుని ఆయన కళ్ళు మూసింది. మూసిన తర్వాత, ఎక్కడినుంచో తోడి తెచ్చినట్టు, ఒక పెద్ద ఊపిరి వచ్చిందట. ఆ తర్వాత మరి రాలేదు.

“నేను కళ్ళు మూశాక వచ్చిందే అది,” అంది అమ్మ, నేను పాలతో లోపలికి రాగానే. చనిపోయాడన్న మాట కంటే ముందు ఆ మాటే చెప్పింది.

మూడో రోజు ప్రార్థనకు సంఘమంతా వచ్చింది. మా సంఘ పెద్ద ఒకాయన ఉన్నాడు, నేను బాబాయి అంటాను, చుట్టరికం లేదు. మంచివాడు. సమాధి తవ్వించింది ఆయనే. టీ తాగుతూ, ఎవరినీ బాధపెట్టాలని కాదు, మామూలుగా అన్నాడు: “నెత్తిన పోస్తే ఏముందిలే అమ్మా, మునగాల గదా. ఐనా ప్రభువు చూసుకుంటాడు.” అమ్మ గ్లాసులు ఏరుకుంటూ విన్నది.

మిషన్‌ని వంటింట్లోకి మార్చాను. వేకువ ప్రార్థన ముగించి లేచి మీట నేనే నొక్కడం మొదలుపెట్టాను. అది ఎప్పుడూ కొంత చప్పుడు చేసేదే. కానీ ఇప్పుడు చప్పుడు మారింది. నీళ్ళు ఎక్కేటప్పుడు లోపల ఏదో అడ్డుపడి, మళ్ళీ జారి, మళ్ళీ ఎగబాకుతున్నట్టు గురగురమనేది. దానికొక వరస ఉండేది: రెండు పొట్టివి, ఒక పొడుగుది. ఆ వరస నాకు తెలుసు. ఏడాది పాటు ఆ వరస వింటూనే నిద్రపోయాను. చివరి చుక్క పడ్డాక మిషన్ ఆగేది. ఇల్లంతా నిశ్శబ్దం. నేను కూజా తీయబోయేటప్పటికి, అంతా అయిపోయిందనుకున్న తర్వాత, లోపలినుంచి ఒక పెద్ద ఊపిరి వచ్చేది.

మొదటిసారి కూజాను ఉన్నచోటే వదిలేశాను. అది ఆవిరి అని నాకు నేను చెప్పుకున్నాను. మర్నాడు కూడా చెప్పుకున్నాను. తర్వాత ఆ ఊపిరి వచ్చేదాకా వంటింట్లో ఉండకుండా పెరట్లోకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. ప్రభువులో నిద్రించినవాళ్ళు విశ్రాంతిలో ఉంటారని పిల్లలకు బొమ్మలు గీసి చెప్పేదాన్నే, పెరట్లో నిలబడి చెవులు మూసుకునేదాన్ని.

ఒకరోజు పెరట్లోంచి తొందరగా తిరిగొచ్చాను. అమ్మ మిషన్ ముందు కింద కూర్చుని, మోకాళ్ళ మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి వింటోంది. మంచం పక్కన అలాగే కూర్చునేది.

“ఏంది అమ్మా, ఇక్కడ కూర్చున్నావ్?”

“నీకు వినపడట్లా?”

నేను పాలగిన్నె అందుకున్నాను.

“వినపడతందిలే. అందుకే పెరట్లోకి పోతన్నావ్,” అంది. “ఆయన పరలోకం లోపలికి పోలేదే. నెత్తిన చెంబుడు నీళ్ళు పోస్తే ఎట్టా పోనిస్తారు? ఆడ నిలబడి ఆయాసపడతన్నాడు.”

“అమ్మా, సిలువ మీద ప్రభువు పక్కనున్న దొంగకి ఏ కాలువ ఉంది? ఒక చుక్క నీళ్ళు కూడా లేవు.”

“ఆ దొంగకి ప్రభువు నోటితో చెప్పాడు. మీ నాన్నకి ఎవరు చెప్పారు?”

మిషన్‌కి సున్నం పట్టింది, కడిగితే ఆ చప్పుడు పోతుంది అన్నాను. అమ్మ ఒక మాట అంది. మా వాళ్ళలో ఏదైనా తేలకపోతే దేవుణ్ణి గుర్తు అడుగుతారు. ఫలానాది జరిగితే అవునని, జరక్కపోతే కాదని. ఉన్ని పరచి మంచు పడుతుందా లేదా అని అడిగినవాడు వాక్యంలోనే ఉన్నాడు.

“సరే, కడుగు. కడిగినాక రాకపోతే మిషనే. అప్పుడు కూడా వస్తే ఆయనే. ఆయనే అయితే నేనింక బల్ల దగ్గరికి రాను. ఆయన్ని బయట నిలబెట్టి నేను లోపల కూర్చుని రొట్టె ఎట్టా తినేది?”

ప్రభువు బల్ల అంటే అమ్మకి ప్రాణం. నెలలో మొదటి ఆదివారం ఆ రొట్టె, ఆ గిన్నె కోసం ముందు రోజే తెల్ల చీర ఉతికి పెట్టుకునే మనిషి. ఆమె విశ్వాసమంతా ఆ ప్లాస్టిక్ డబ్బా లోపలి గొట్టం మీద ఆధారపడింది. గుర్తు అడగొద్దని గట్టిగా చెప్పవలసింది. చెప్పే ధైర్యం నాకు లేదు. ఎందుకంటే నాకూ తెలుసుకోవాలని ఉంది.

వెనిగర్‌లో నీళ్ళు కలిపి తొట్టిలో పోశాను. సగం దిగాక ఆపి, నానబెట్టి, మిగతాది దింపాను. రెండుసార్లు మంచినీళ్ళతో కడిగాను. తెల్లటి రేకులు కూజాలోకి వచ్చాయి. సాయంత్రం అమ్మ ఎదురుగా వట్టి నీళ్ళతో మీట నొక్కాను. గురగుర ముందుకంటే ఎక్కువైంది. మధ్యలో రెండుసార్లు పూర్తిగా ఆగి, గుటక మింగినట్టు చప్పుడు చేసి మళ్ళీ మొదలైంది. చివర్లో ఊపిరి వచ్చింది, పొడుగ్గా, తడిగా.

అమ్మ లేచి వెళ్ళి ముందుగదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మొదటి ఆదివారం జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపోయింది. బల్ల దగ్గర ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంటే బాబాయి నన్ను కళ్ళతోనే అడిగాడు. నేను తల దించుకున్నాను.

తర్వాతి వారం అమ్మని బలవంతంగా స్త్రీల కూడికకు పంపి, తలుపు గడియ పెట్టాను. ఈసారి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు తెచ్చాను. అమ్మ లేనప్పుడే దాన్ని నడిపి చూడాలనుకున్నాను. ఊపిరి వస్తే ఆమెకు తెలియకుండా మిషన్‌ని బయట పారేయాలనీ అనుకున్నాను. నిమ్మ ఉప్పు నీళ్ళు దింపాను, కడిగాను, క్యాన్ నీళ్ళు పోసి మీట నొక్కాను. పట్టపగలు, వీధిలో కూరగాయల ఆటో మైకు అరుస్తోంది. అయినా ఆ ఊపిరి వచ్చింది. నా మెడ వెనక నుంచి వచ్చినట్టు వచ్చింది. నేను వెనక్కి తిరిగి చూశాను. గుమ్మం అవతల, నాన్న మంచం ఉండే చోట ఎండ పడి ఉంది.

మోకరించాను. ప్రార్థనలో ఒక్క మాటా కుదరలేదు. లేచి, ప్లగ్గు తీసి, మిషన్‌ని బోర్లించి అడుగు మరలు విప్పాను.

లోపల వంకర తిరిగిన గొట్టం, దానికి తగిలించిన రబ్బరు పైపు ఉన్నాయి. పైపు లాగితే మొదట్లో చిన్న గోళీ ఒకటి. పైకెక్కిన నీళ్ళు వెనక్కి జారకుండా మూసుకోవడానికి పెట్టింది. అది కదలడం లేదు. దాని చుట్టూ తెల్లటి ముద్ద, సున్నమే, కానీ పొడిగా లేదు. జిడ్డుగా, మెత్తగా, వేలికి అంటుకుంది. వాసన చూశాను. కొబ్బరి నూనె. పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చే, మా ఇంట్లో బైబిలు పక్కనుండే చిన్న సీసా వాసన. సున్నాన్ని కరిగించినవేవీ ఆ నూనె పొరను దాటలేదు. గోళీ ఇరుక్కుని, వెనక చిక్కిన ఆవిరి ఆలస్యంగా తోసుకుని వస్తోంది.

నాన్న రొమ్ము ఎక్స్‌రే పట్టుకుని డాక్టరు ఇలాంటి మాటే చెప్పాడు. సన్నటి దారులు, అడ్డుపడ్డ తెలుపు. వేడినీళ్ళు, సబ్బు, పాత టూత్ బ్రష్‌తో పైపునీ గోళీనీ శుభ్రం చేశాను. బిగించి నడిపాను. నీళ్ళు సాఫీగా దిగాయి. చివర్న చిన్నగా బుస్సుమంది, ఏ మిషన్ అయినా అనేంత. ఇక ఏమీ రాలేదు.

అమ్మ వచ్చేసరికి ఏమీ చెప్పకుండా ఉండొచ్చు. మర్నాడు ఆమె ముందు మీట నొక్కితే గుర్తు దొరికినట్టే. బల్ల దగ్గరికి నవ్వుతూ వస్తుంది. కానీ నేను ముందే చూసిన జవాబును దేవుడిచ్చిన గుర్తుగా చూపించి ఆమెను ఆ రొట్టె దగ్గరికి పంపలేకపోయాను. అమ్మ చెప్పులు విప్పుతుండగానే అడిగాను.

“తొట్టిలో నూనె పోశావా?”

ఆమె దాచలేదు. “రోజూ మూడు చుక్కలు. ఆయన గొంతు తడవాలని.”

“మిషన్‌లో పోశావా అమ్మా?”

“మరి ఎక్కడ పోసేదే? మనిషి లేడుగా.”

నేను విప్పింది, చూసింది, కడిగింది, నడిపింది, అంతా చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

“ముందే చూసొచ్చావా, పరీక్ష పేపరు? అయితే అది గుర్తు కాదు.”

“కాదు.”

“టీచరమ్మవి, నువ్వే కాపీ కొట్టావ్,” అంది. నవ్వలేదు. చెప్పులు పక్కన పెట్టి, “సరేలే. రేప్పొద్దున కాఫీ పెట్టు,” అంది.

ఉదయం ప్రార్థన అయ్యాక ఇద్దరం వంటింట్లో కూర్చున్నాం. క్యాన్ నీళ్ళు పోశాను, ఆమె అడ్డం చెప్పలేదు. చుక్కలు పడ్డాయి. ఆగాయి. మిషన్ వైపే చూస్తున్నాం ఇద్దరం. కోడి కూసింది, పక్కింట్లో మోటారు వేశారు, మా వంటింట్లో మాత్రం ఏమీ లేదు. ఆ లేకపోవడం ఊపిరి కంటే భయంగా ఉంది. రాకూడదని ఇన్నాళ్ళు వేడుకున్న నేను, రాదా అని చూస్తున్నాను.

“నేను కళ్ళు మూసినప్పుడు ఇట్టాగే ఉండె,” అంది అమ్మ మెల్లగా. “ఇంకొకటి ఉందేమోనని చూళ్ళా.” డికాషన్ చల్లారేదాకా కూర్చుంది. అప్పుడు లేచి పాలు కలిపింది. “రాదులే. రమ్మంటే వచ్చే మనిషి కాదు, ఎప్పుడూ అంతే. ఆయన్నిక అడగను. పైవాడినీ అడగను.”

ఏం నిర్ణయించుకుందో నాకు చెప్పలేదు. మొదటి ఆదివారానికి ముందు రోజు తీగమీద తెల్ల చీర కనిపించింది. అప్పుడు కూడా నేను అడగలేదు.

ఆదివారం రొట్టె పళ్ళెం పట్టుకొచ్చింది బాబాయే. అమ్మ ముందు ఆగాడు. ఆమె పళ్ళెం వైపు కాదు, ఆయన మొహంలోకి చూసింది. మూడో రోజు ప్రార్థనప్పుడు తానన్న మాట ఆయనకు గుర్తుందో లేదో, పళ్ళెం కొంచెం కిందికి వంచాడు. అమ్మ ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది, కళ్ళు మూసుకుంది.

మందిరమంతా నిశ్శబ్దం. పిల్లలు కూడా కదలని నిశ్శబ్దం. నేను ఆ నిశ్శబ్దం చివర ఏదో వస్తుందని చెవి పెట్టి వింటున్నాను. ఎంతసేపు విన్నానో, అమ్మ మోచేత్తో పొడిచింది.

“ఏంది చూస్తన్నావ్, తీసుకో. బాబాయి నీ ముందరే నిలబడి ఉన్నాడు.”