భుజాలు లేని జాకెట్టు

అర్ధవీడులో ఉషారాణి కుట్టిన జాకెట్టు తొడగని ఆడమనిషి అరుదు. త్రిపురాంతకం నుంచి కోడలుగా వచ్చిన కొత్తలో, మార్కాపురంలో మూడు నెలలు కుట్టు నేర్చుకున్న ధైర్యంతో వసారాలో మిషను వేసుకుంది. పదకొండేళ్ళయింది. ఎవరైనా కొలతకు ఆది జాకెట్టు తేవడం మరిచిపోతే, ఒకసారి వెనక్కి తిరగమని చూసి కత్తెర పట్టేస్తుంది. తన కంటి మీద అంత నమ్మకం.

అంజలి పంపిన ఒక్క ఫొటోతో ఆ నమ్మకం కాస్త కదిలింది. అంజలి ఆ ఊరి రంగనాయకులు కూతురు, హైదరాబాదులో ఉద్యోగం. నెల తిరిగితే పెళ్ళి. రిసెప్షన్‌కు లెహంగా మీదికి ఆ పిల్ల కోరిన జాకెట్టుకు చేతుల్లేవు, భుజాల్లేవు. ఛాతీ మీద మొదలై నడుముకు రాగానే ఆగిపోయింది.

"దీన్నేమంటారే?" అని ఫోన్లో అడిగింది ఉషారాణి.

"బస్టియర్ వదినా. లోపల పుల్లలు పెట్టి కుడతారంట. ఆ పుల్లలే దాన్ని నిలబెడతాయి. నువ్వయితేనే కుట్టగలవు."

పొగిడితే కాదనలేదు ఉషారాణి. ఒప్పుకున్నాక కూర్చుని వీడియోలు చూసింది. వాళ్ళు చూపించే పుల్లలు కంభం బజారులో దొరికేవి కావు. కరెంటు పనివాళ్ళు వైర్లను కలిపి బిగించే ప్లాస్టిక్ ట్యాగులు కూడా పనికొస్తాయని ఒకావిడ చెబితే, భర్త హరికృష్ణతో ఒక కట్ట తెప్పించింది.

"జాకెట్టుకు కనెక్షన్ ఇస్తాండావా ఏంది?" అన్నాడతను కట్ట చేతికిస్తూ.

ముందు పాత పంచె చింపి నమూనా కుట్టింది. రెండు పొరల మధ్య సన్నటి గొట్టాల్లా కుట్లు వేసి, ట్యాగుల తలలు కత్తిరించి, గుచ్చుకోకుండా కొసల్ని కొవ్వొత్తి మీద కరిగించి, ఒక్కొక్కటే దూర్చింది. ఇక తొడిగి చూడాలి. అంజలేమో పెళ్ళికి రెండు రోజుల ముందు గాని రాదు. ఆ పిల్ల కొలతలు చూస్తూ ఊళ్ళో ఆడవాళ్ళందరి వీపులూ తలచుకుంటుంటే, ఎదురుగా మేకలకు కుడితి పెడుతున్న అత్త శేషమ్మ వీపు కనిపించింది. అరవై రెండేళ్ళు, మేకల వెంట నడిచి నడిచి గట్టిపడ్డ ఒళ్ళు. టేపు పెట్టి చూస్తే అర అంగుళమే తేడా.

శేషమ్మకు రవిక మీదనే తొడిగి, వెనక డోరీ తాళ్ళు బిగించింది. కూర్చోమనగానే ఒక పుల్ల లేచి చంకలో పొడిచింది.

"నన్ను గంప కింద కోడిని మూసినట్ల మూస్తివి గదే."

ఉషారాణి నోట్లో గుండుసూదులున్నాయి. అవన్నీ ఉమ్మేసి, గోడకానుకుని నవ్వింది. తర్వాత పుల్లలన్నీ పొట్టి చేసింది. రెండో నమూనా పొడవలేదు గాని వెనక ఉబ్బింది. మూడోసారికి అసలు మెరూన్ సిల్కుతోనే కుట్టింది.

అది తొడిగి డోరీ ముడి వేస్తుండగా పొరుగు రంగమ్మ కేక వినబడింది. "శేషమ్మత్తా, నీ మేకలు నా కంది చేలో పడినాయి."

శేషమ్మ కట్టె అందుకుని అట్లాగే ఉరికింది. పాత నూలు చీర మీద మెరూన్ సిల్కు ధగధగలాడుతుంటే గట్టు దూకింది. ఆమె వెనకే, మెడలో టేపుతో ఉషారాణి, "అత్తా, సిల్కు, సిల్కు" అంటూ. మేకలు ఆ అవతారాన్ని చూసి వాటంతటవే ఇంటి దారి పట్టాయి. పోట్లాటకు వచ్చిన రంగమ్మ, నోరు తెరిచింది తెరిచినట్టే నిలబడి, శేషమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఎవురు కుట్టినారత్తా?"

"ఎవురేంది. మా కోడలు."

పదకొండేళ్ళలో అత్త తన పనిని ఇంకొకరి ముందు చెప్పుకోవడం ఉషారాణి విన్నది అదే మొదటిసారి. ఆనందించేలోగా ఆమె కళ్ళు జాకెట్టు పై అంచు మీదికి పోయాయి. ఇంత పరుగుకూ వెంట్రుకవాసి కూడా జారలేదు. గట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. రంగమ్మ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది.

"నడుము నిటారుగ బట్టింది ఉషా, నొప్పే తెలియలే. ఈ పూటకు ఉండనీ" అంది శేషమ్మ. మేకల్ని కట్టేసి, రోటి పచ్చడి నూరి, అప్పుడు గాని విప్పనివ్వలేదు. డోరీలో ఇరుక్కున్న పసుప్పచ్చ కంది పూలు ఏరడానికి ఉషారాణికి గంట పట్టింది.

అంజలి వచ్చి తొడుక్కుని అద్దం ముందు గిరగిరా తిరిగింది. ఒక్క వైపే అర అంగుళం లోపలికి తియ్యాల్సి వచ్చింది, అంతే. రిసెప్షన్ నాడు మార్కాపురం ఫంక్షన్ హాల్లో, స్టేజీ పక్కన ఉషారాణి భోజనం సంగతే మరిచి ఆ పై అంచునే చూస్తూ నిలబడింది. మూడో పాటకు అంజలి దిగివచ్చి చెయ్యి పట్టుకుని లాగేసింది. ఎన్నడూ డాన్సు చేసిన మనిషి కాదు. ఏం చెయ్యాలో తోచక మిషను తొక్కినట్టు కాళ్ళాడించింది. అదేదో కొత్త స్టెప్పనుకుని పెళ్ళికొడుకు స్నేహితులంతా తొక్కడం మొదలుపెట్టారు.