ఎర్రగచ్చు మీద ఉప్పు

మా కాంతమ్మత్త పాదాలు చూస్తే చాలు, ఆమెది ఏ పనో తెలిసిపోతుంది. నౌపడలో ఉప్పు పండించే కొఠారుల్లో పనిచేసే ఆడవాళ్ళందరి పాదాలూ అలాగే ఉంటాయి. వేసవిలో ఉప్పునీటికి నాని తెల్లబడతాయి. చలికాలం వచ్చేసరికి పగుళ్ళు విచ్చుకుంటాయి. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని, కొవ్వొత్తి మైనం కొబ్బరినూనెలో కరిగించి, ఆ పగుళ్ళలో నింపుకుంటుంది అత్త. నొప్పి పుడితే మాత్రం పాదాన్నే తిడుతుంది. "నీకేటొచ్చిందే ముండా, నాలాగ నోరు మూసుకోనేవేటి?" అంటుంది.

ఆమె మా నాన్నకి అక్క. వాళ్ళిల్లూ మా ఇల్లూ ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. తొమ్మిదో తరగతితో నా చదువు ఆగిపోయాక, ఆ గోడ దాటి అటు వెళ్ళి కూర్చోవడమే నాకు అలవాటైంది.

వానలు వెనకబట్టాక సంక్రాంతి దాటేదాకా ఉప్పు మడులన్నీ నీళ్ళలోనే ఉంటాయి. ఆ నాలుగు రోజులే మా వాళ్ళకి ఇంటి పని చేసుకునే తీరిక. గోడలకి సున్నం, కప్పుకి మరమ్మతు, అన్నీ అప్పుడే. కిందటేడు అత్త ఇంటికి గచ్చు వేయించాలని పట్టుబట్టింది. దానికి కారణం ఉంది.

అత్త కొడుకు బెన్హర్ బావ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో కరెంటు పని చేస్తాడు. పొద్దున్న రైలుకి వెళ్ళి సాయంత్రం రైలుకి వస్తాడు. బావ పెళ్ళాం ఝాన్సీ అక్కది బొబ్బిలి. పెళ్ళై వచ్చిన మొదటి చలికాలమే ఆమెకి ఈ ఇంటి మట్టినేల చెమ్మ పడలేదు. కడుపుతో ఉంది, ఆయాసం పట్టుకుంది. వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, "గచ్చు లేని ఇంటికి పసిబిడ్డని ఎలా పంపుతాం వదినా" అంది. మెల్లగానే అంది. బెన్హర్ బావ పుట్టింది ఆ నేల మీదే.

వేసవిలో పాప పుట్టింది. అత్త చూడటానికి వెళ్ళలేదు. కొఠారు పని ముమ్మరం అని చెప్పింది. వానలు పడ్డాక కూడా వెళ్ళలేదు. బావ ఫోనులో పాపని చూపిస్తే మాత్రం, ఫోను మొహానికి ఆనించుకుని చూసేది. క్రిస్మస్ ముందు ఆదివారం మా చర్చిలో పాపని ప్రతిష్ఠ చేసి పేరు పెట్టాలని పాస్టరు గారు చెప్పారు. ఆ రోజుకి ఝాన్సీ అక్క పాపతో వస్తుంది. వచ్చాక ఉంటుందా, బొబ్బిలి తిరిగి వెళ్ళిపోతుందా అన్నది ఎవరూ పైకి అనలేదు. గచ్చు చూశాకే తేలుతుందని అత్త మనసులో తేల్చేసుకుంది.

అది కూడా మామూలు గచ్చు కాదు. ఎర్రరంగు పొడి కలిపి, అద్దంలా పాలిష్ పట్టిన గచ్చు కావాలంది. పాస్టరు గారి పాత బంగళాలో అలాంటిది ఉంది. చిన్నప్పుడు అత్త దాన్ని తుడవడానికి వెళ్ళేదట.

మేస్త్రి ఎర్రన్న వచ్చి ఇల్లంతా చూశాడు. లోపలి నేల వీధి కంటే పల్లంగా ఉంది, మోకాలెత్తు నింపాలన్నాడు. నింపడానికి మెట్ట నుంచి గ్రావెల్ తోలించమన్నాడు. అప్పుడే తుఫాను వాన కురిసి దారి బురదైంది. ట్రాక్టరు దిగబడిపోతుందని ఎవరూ రానన్నారు.

"దారి ఆరనీ అప్పా. తొందరేటి?" అన్నాడు ఎర్రన్న.

"దారి ఆరీదాకా ఆదివారం ఆగదురా. అది వచ్చీస్తాది."

మర్నాడు చూస్తే, అత్తా ఆమెతో కొఠారు పనిచేసే ఆడవాళ్ళూ తట్టలతో మడి గట్టు పక్క మట్టి మోసుకొస్తున్నారు. నల్లటి జిగట మట్టి. నేనూ రెండు తట్టలు మోశాను. ఎర్రన్న నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఓలమ్మో, ఇది ఉప్పుమట్టి కాదేటి!"

"పైమట్టి గీరీసి అడుగుమట్టి తెచ్చేను. ఉప్పు పైనుంటాది గానీ అడుగునెందుకుంటాది? పుట్టి బుద్దెరిగిన కాడి నుంచీ ఈ మట్టిలోనే నిలబడ్డాను. ఇది తొక్కితే సుక్క నీరు కిందకి దిగదు. దిగనిది పైకెలా వస్తాదిరా?"

"నీ ఇంట్లో ఉప్పు పండించుకుంతావేటి?"

"పండితే నీకూ ఓ బస్తా అంపుతాన్లే, కూరలో ఏసుకో!"

అందరూ నవ్వారు. ఎర్రన్న కూడా నవ్వేశాడు. ఆ నవ్వులోనే పని మొదలైపోయింది.

కొత్త మడి కట్టినప్పుడు అడుగు గట్టిపడాలని ఆడవాళ్ళు వరసగా నిలబడి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని తొక్కుతారు. ఆ ఇంట్లో అలాగే తొక్కారు. గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి. నీళ్ళు చిలకరించడం, తొక్కడం. పాదాలు పడే చప్పుడు మా గోడలోంచి వినిపించేది. నేల నున్నగా, గట్టిగా, చేత్తో కొడితే మోగేలా తయారైంది. దాని మీద ఎర్రన్న గచ్చు పోశాడు.

ఎంత బాగుందో! పొద్దున్న ఎండ గుమ్మంలోంచి పడితే ఇల్లంతా ఎర్రగా వెలిగేది. అత్త ఎవరినీ చెప్పులతో రానివ్వలేదు. తనైతే మరీ, పగుళ్ళ పాదాలకి గచ్చు మీద గీతలు పడతాయని అంత చలిలోనూ బయట పంచలో గోనె పరచుకుని పడుకునేది. రాగుల చోడంబలి తాగడం కూడా పంచలోనే. "అత్తా, గచ్చు మనకా, మనం గచ్చుకా?" అని అడిగాను ఒకసారి. నేను అంతగా మాట్లాడను కాబట్టి ఆమె నాకేసి వింతగా చూసి, "పాపకి" అంది.

మంచు బాగా పట్టి, దాని వెనక పొడి చలిగాలి మొదలయ్యాక, ఒక పొద్దున్న గది మూల చిన్న తెల్లమచ్చ కనిపించింది. ముగ్గుపిండి రాలిందనుకున్నాను. అత్త తుడిచేసింది. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. రెండో రోజు ఆ మచ్చ పక్కన ఇంకోటి. తర్వాత గోడ పొడుగునా తెల్లటి నూగు లేచింది, మెత్తగా, దూదిలాగ. అత్త వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. కొఠారులో ఉప్పు తయారైందా లేదా అని చూసేటప్పుడు కూడా అలాగే చేస్తుంది.

"మన మడి ఉప్పే," అంది.

ఎర్రన్న వచ్చి చూశాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు. "కింద నుంచి తీసీవలసిందే అప్పా. ఇప్పుడు టైము నేదు. పండగెళ్ళనీ," అని వెళ్ళిపోయాడు. బెన్హర్ బావ ఫోను చేతిలోకి తీసుకుని, ఝాన్సీని ఇప్పుడే రావద్దంటానన్నాడు.

"ఒద్దు. నాను సెప్తాను," అంది అత్త.

చెప్పలేదు. సంతలోంచి చాపలు తెచ్చి గదంతా పరిచింది. రోజూ పొద్దున్నే చాపలెత్తి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పరిచేది. తుడిచినకొద్దీ ఎక్కువ వచ్చేది.

ఆదివారం చర్చిలో పాపకి శాంతి అని పేరు పెట్టారు. అత్త పాపని ఎత్తుకోవడం అదే మొదటిసారి. పాప ఆమె మెడలో పూసల గొలుసు పట్టుకుని వదల్లేదు. ఇంటికి వచ్చాక ఊళ్ళో వాళ్ళంతా వచ్చి బెల్లం పోకుండలు తిని, చాపల మీద కూర్చుని, పాటలు పాడి వెళ్ళారు. ఝాన్సీ అక్క గుమ్మం దగ్గర చాపకి అవతల ఉన్న ఎర్రటి ముక్కని చూసి, "బలేగున్నాది అత్తా," అంది. అత్త తల ఊపింది. ఆ రోజు ఆమె ఏమీ తినలేదు.

మర్నాడు పొద్దున్న నేను పాలు పట్టుకెళ్ళేసరికి బావ రైలుకి వెళ్ళిపోయాడు. పాప చాప మీద బోర్లా పడి ఆడుకుంటోంది. ఝాన్సీ అక్క బట్టలు మడతపెడుతోంది. అత్త పొయ్యి మీద నీళ్ళు కాస్తోంది. నేను చూస్తుండగానే పాప ఒక పక్కకి దొర్లింది, ఇంకోసారి దొర్లింది, చాప అంచు దాటి చెయ్యి గచ్చు మీద వేసింది. ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంది. మొహమంతా ముడుచుకుని, కళ్ళు గట్టిగా మూసి, తెరిచి, మళ్ళీ అదే చెయ్యి నోట్లో పెట్టుకుంది.

"ఏటి తింతన్నావే?" అని ఝాన్సీ అక్క పాప చెయ్యి లాగి, వేళ్ళకంటిన తెల్లపొడి చూసి, నాలుకకి ఆనించుకుంది. తర్వాత చాప కొస ఎత్తింది. కింద ఎర్రగచ్చు సగం తెల్లబడి ఉంది.

"అత్తా! ఇది ఉప్పు కాదేటి?"

అత్త చేతిలోని కట్టెపుల్లని పొయ్యిలోకి తోసింది.

"ఉప్పే. ఎర్రన్న ఒద్దన్నాడు. నానే మడి మట్టి ఏయించేను. నాకే తెలుసనుకున్నాను," అంది. తర్వాత నిప్పుకేసే చూస్తూ, "మీయమ్మకి ఫోను సెయ్యి. సాయంత్రం బండికి బెన్హర్ దిగబెడతాడు. ఈ గచ్చు మీద పిల్లని ఉంచమని అడగలేను," అంది.

ఝాన్సీ అక్క పాపని ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో ఆ వేళ్ళు గట్టిగా తుడిచింది. ఆమెకి కోపం వచ్చిందనుకున్నాను. వచ్చింది కూడా.

"గచ్చు గచ్చు అని మాయమ్మ అన్నాది. నానెప్పుడైనా అన్నానా? ఆయాసమొచ్చి ఎల్లేను గానీ అలిగి ఎల్లేనేటి? పురిట్లో ఉన్నన్నాళ్ళూ గుమ్మంకేసి సూసేను. రైలు టైముకి సూసేను. నువ్వు రానేదు."

"గచ్చు పూర్తయ్యేక వద్దామనుకున్నాను. ఏ మొహంతో వస్తాను?"

"పిల్ల నీ మొహం సూస్తాది గానీ గచ్చు సూస్తాదేటి అత్తా!"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పాలగిన్నె పొయ్యి పక్కన పెట్టాను.

కాసేపటికి ఝాన్సీ అక్కే లేచి తలెత్తి చూసింది. "ఆ దూలం గట్టిదేనా?" అంది.

"మీ మావ ఏసింది. తాటిదూలం. గట్టిదే."

"అయితే నీ పాత సీర ఒకటి తే. మెత్తంది. పిల్ల గాల్లో ఉంటాది. చెమ్మా అంటదు, ఉప్పూ అంటదు. కింద మనం నడుస్తాం."

అత్త పెట్టె తెరిచి వెతికింది. కొఠారుకి కట్టుకెళ్ళి కట్టుకెళ్ళి వెలిసిపోయిన నీలం చీర తీసింది. నేను స్టూలు పట్టుకుంటే, ఝాన్సీ అక్క ఎక్కి ముడి వేసింది. ఆ ముడి నచ్చక అత్త తనెక్కి మళ్ళీ వేసింది. పాపని అందులో పడుకోబెట్టి ఊపుతుంటే, గచ్చు మీద ఆ నీలం నీడ అటూ ఇటూ కదిలింది. ఆ రోజు అత్త తన ఇంట్లోనే, ఆ గచ్చు మీదే, ఉయ్యాల కింద కూర్చుని మొదటిసారి అన్నం తింది. పగుళ్ళ పాదాలు బారజాపుకుని మరీ.

సంక్రాంతి పండగ వెళ్ళాక ఎర్రన్న వచ్చి గచ్చు పగలగొట్టాడు. అంతటి ఎర్రరంగు పెచ్చులుగా లేస్తుంటే నాకు బాధేసింది. అత్తా వాళ్ళూ ఆ మట్టిని తట్టల్లో మోసుకెళ్ళి తిరిగి మడి గట్టుకే వేశారు. అప్పటికి కొఠారుల్లో నీళ్ళు తీస్తున్నారు, మడులు తొక్కే పని దగ్గరపడింది. ఆ పని సాగినన్ని రోజులూ పాప మా ఇంట్లో, మా నాన్న మంచం మీద పడుకునేది.

"ట్రాక్టరు వచ్చేసరికి నువ్వు బొబ్బిలి ఎల్లిపోయి ఉంటావు కదా," అని అత్త ఒకరోజు తట్ట దించుతూ అడిగింది. అడగడమూ కాదు, ఊరికే అన్నట్టు అంది.

ఝాన్సీ అక్క పాపని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎల్లిపోతే, నువ్వు మళ్ళీ మడి మట్టి ఏయించీగలవు. ట్రాక్టరు వచ్చి, గ్రావెల్ దింపి, ఎర్రన్న మావ గచ్చు పోసి, అది ఆరీదాకా నాను ఇక్కడే ఉంటాను. నిన్ను నమ్మను."

"గచ్చు ఆరడానికి శానా రోజులు పడతాదే," అంది అత్త.

"పడనీ," అంది ఝాన్సీ అక్క.