ఏ మారెమ్మ, యాడ మారెమ్మ?

మా ఆఫీసులో రామాంజన్నకు ఒకటే రోగం. ఉత్త పేరు చెప్తే ఒళ్లు మండుతాది. మనిషైనా, వస్తువైనా ఊరూ పేరూ ఇంటిగుర్తూ అన్నీ చెప్పల్ల.

"అన్నా, టీ వచ్చింది."

"ఏ టీ? యాడి టీ? ఎవరికి?"

"గేటు ముందర తిప్పయ్య అంగడిది, చక్కెర ఎయ్యనిది, నీకు!"

"అట్ల చెప్పల్ల గదా!"

ఈలోగా టీ చల్లారిపోతాది. దానికీ మామీదే అరుస్తాడు. ఆయన పెండ్లిలో అయ్యవారు "పెండ్లికొడుకును పిలవండి" అంటే, "ఏ పెండ్లికొడుకు?" అన్నాడంట. ఎవరో కాదు, ఈయనే!

మాది నీళ్ల ట్యాంకర్లు బుక్ చేసే వెబ్‌సైటు. చీనీ చెట్లు, అదే బత్తాయి, ఎండతాంటే రైతులకు అదే దిక్కు. అడిగిన ప్రతిసారీ డేటాబేస్ అంతా వెతికితే సైటు ఈడ్చుకుంటా పోతాది. అందుకే ఒకసారి తెచ్చిన వివరాలు క్యాష్ అనే చేతికందే గూట్లో దాచిపెడతాం. మళ్లీ తీసేదానికి గుర్తుగా ఒక కీ ఇస్తాం. కొత్తగా చేరిన జాయ్ ఊరిపేరు, మనిషిపేరు కలిపి కీ చేసింది. చాలదా? మా సీమలో చాలదు! ఊరి దేవత పేరు ఇంటికొకరికి పెట్టుకుంటే యాడ చాలుతాది?

యాడికి అనే ఊరినుంచి ఫోనొచ్చింది.

"ఏమప్పా, నేను మారెమ్మను. నీళ్లు తోలినామని పెట్టినారే! యాడ తోలినారు, మీ నెత్తినా?"

"ఏ మారెమ్మ నువ్వు?" అన్నాడు రామాంజన్న.

"చెట్లు ఎండిపోతాండే మారెమ్మను!"

చూస్తే, నీళ్లు పోయింది పక్కవీధి మారెమ్మకు. కీ ఒకటే గదా, ఈమె పేజీలోనూ అదే కనపడింది. డ్రైవరు కూడా అది చూసే ట్యాంకరు తిప్పుకోని పోయినాడు. నాకు మండింది. మా తొందరకు ఒకామె తోట సావాల్నా?

"కీలో ఫోన్ నంబరు కలుపుదామా అన్నా?" అంటి.

"ఆ రెండు వీధులకూ బుక్ చేసిపెట్టే ఐజాక్ ఫోన్ నంబరే రా! బుకింగ్ నంబరు పెట్టు. అది ఒకరిది ఇంకొకరికి రాదు. ముందర 'ట్యాంకరు' అని తగిలియ్యి. లేకుంటే రేపు బిల్లు నంబరుతో కొట్టుకుంటాది!"

మార్చినాం. పాత క్యాష్ తుడిచేసినాం. రామాంజన్న డ్రైవరుకు ఫోన్ చేసి అరిసిన అరుపుకు ట్యాంకరు ఎగిరిపోయింది. సాయంత్రం మారెమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "ఇంకా తిట్టల్లనుకుంటి, నీళ్లొచ్చేసె," అని పెట్టేసింది.

అంతలో మా ఓనరు వనజాక్షి మేడం వచ్చింది, నిప్పులు కక్కుకుంటా.

"ఎవురు చేసినారు ఈ పని? ఈ పొద్దే ఇంటికి పంపిస్తా!"

అప్పులున్న ఇంట్లో జాయ్ జీతమొకటే ఆధారం.

"మనోళ్లే మేడం," అన్నాడు రామాంజన్న.

"మనోళ్లంటే?"

"ఈడ పనిచేసేటోళ్లు."

"పేరు చెప్పు రామాంజీ!"

"ఉత్త పేరుతో ఏం తెలుస్తాది మేడం? ఒక్కో పేరుకు శానామంది ఉంటారు."

మేడం తలుపు ధడేలుమని ఏసి పోయింది. అప్పుడు జాయ్ మీద విరుచుకుపడినాడు చూడండి! ప్రతి తిట్టుకూ ముందర ఆ పిల్ల ఇంటిపేరు, నాయన పేరు, ఊరిపేరు. జాయ్ తల వంచుకోని, నవ్వు కనపడకుండా కీబోర్డు తుడుస్తాండాది.