ఎర్త్ క్లిప్పుకు బొట్టు

ఆర్మూర్‌ల పొడి అంటే పసుపే. మార్కెట్ దిక్కుకెళ్లి గాలి వీస్తే ఆరేసిన తెల్ల అంగీలు సుత పెండ్లికొడుకు బట్టలైతయి. నేను కొట్టే పొడి వేరు. గేట్లకు, కూలర్లకు, మంచాలకు పౌడర్ కోటింగ్ చేస్త. పిచికారీ గన్నులకెళ్లి వచ్చే రంగుపొడికి కరెంటు ఎక్కుతది. ఎర్త్ అయిన, అంటే తీగెతోని భూమికి కలిపిన ఇనుముకు పోయి కరుచుకుంటది. తర్వాత ఓవెన్‌ల కాలిస్తే గట్టిపడుతది.

అన్నదమ్ముల పంపకంల నా వాటాకు భూమి రాలేదు గని, షెడ్డు వెనుక పాతిన ఎర్త్ రాడ్ మాత్రం నాదే. పట్టా లేకున్నా మా ప్రాణాలు దాని మీదనే. దానికెళ్లి వచ్చే తీగె కొసకు ఇత్తడి క్లిప్పు ఉంటది. సామాను వేలాడే కమ్మికి దాన్ని కరిపిస్తం.

మొన్న దసరా తెల్లారి మోర్తాడ్ నుంచి ఒక పెద్దమనిషి ఆటోల గేటు తెచ్చిండు. మర్నాడు పొద్దుగాల్నే ఆయన గృహప్రవేశం.

"గేటు లేని ఇల్లు పండ్లు లేని నోరు లెక్కున్నది తమ్మీ, జర జల్ది చెయ్యి" అని స్టూలేసుకొని కూసున్నడు.

ఉంగరం, ఫోను బయట పెట్టి గన్ను పట్టిన. పట్టే చేతికి గ్లౌజు తొడగ. చెయ్యి ఒట్టిగుంటేనే ఒంటి మీది కరెంటు గన్ను పిడిలకెళ్లి భూమిలకు దిగుతది. ఎంత కొట్టినా ఆ రోజు పొడి గేటుకు అంటుతలేదు, సగం కిందికే రాలుతుంది. రెండో పక్క చూద్దామని, నాతోని పనిల సాయముండే నా భార్య గేటు వేలాడే కొక్కెం పట్టుకున్నది. చిటుక్కున రవ్వ లేచింది. "అమ్మో!" అని ఆమె వెనుకకు దునికింది.

గన్ను ఆపిన. షాక్ ఒక్కటే కాదు భయం. తేలే పొడిల రవ్వ పడితే గుప్పున అంటుకుంటది.

"ఏం గాలె, చీమ కుట్టినట్టైంది. కొట్టుండ్రి, నేను దూరం నిలవడుత" అన్నది ఆమె.

"గింత చిటపటకే పని బంద్ పెడుతరా?" అని పెద్దమనిషి గులిగిండు. "రేపు సుట్టాలకు మొకం ఎట్ల చూపియ్యాలె?"

"రేపు నీ గేటు నిలవడాలంటే ఇయ్యాల మేం నిలవడాలె కాకా."

పొడి గుంజే ఫ్యాను నడవనిచ్చి, ఎర్త్ తీగె తాకించి గేటుల ఉన్న కరెంటు దించిన. ఇగ మీటరు పెట్టి చూస్తే, కొక్కేనికి ఎర్త్‌కు మధ్య కలిసుంటే బీప్ రావాలె. రాలేదు. అత్తగారింట్ల నేనెట్లనో అదీ అట్లనే, ఉలుకు లేదు పలుకు లేదు. పాత రంగు పట్టిందేమోనని కొక్కెం గీకిన. అయినా పలకలేదు. ఆఖరుకు క్లిప్పు నోరు తెరిచి చూసిన. రెండు దవడలకు పసుపు దట్టంగ ఎండి పెచ్చు కట్టింది, నడుమ కంకణం దారం. ఇనుముకు ఇత్తడికి మాటల్లేవు.

"నిన్న ఆయుధ పూజల దీనికి సుత పసుపు పెట్టినవా?"

"అన్నిటికన్న ముందు దానికే పెట్టిన. మనల్ని కాపాడేది గదే అని రోజూ మీరే అంటిరి కద!"

అన్న మాట నిజమే. పసుపు పండే ఊర్ల పసుపు అడ్డమైందని ఆమెకు ఎట్ల చెప్పాలె? చెప్పే పని పడలేదు. ఆమె నా మొకం చూసింది, క్లిప్పు చూసింది. పూజ పసుపును నేను గీకుతనేమోనని క్లిప్పు గుంజుకొని, తడిగుడ్డతోని తనే తుడిసి, వచ్చిన పసుపంత గడపకు రాసింది. నేను ఇత్తడి మెరిసేదాక గరుకు కాయితంతోని రుద్దిన. మళ్ల బిగిస్తే మీటరు కుయ్యుమన్నది.

"పలికింది!" అని పెద్దమనిషి స్టూలు మీదికెళ్లి లేచిండు.

ఈసారి పొడి గేటు వెనుకకు సుత తిరిగి పట్టింది. ఒక పక్క కాంగనే గన్ను ఆపిన. గేటు తిప్పుమని ఆమెకు చెప్పలేకపోయిన, నేనే తిప్పుదామని ముందుకు పోయిన. అప్పటికే ఆమె వేలు కొంగుకు తుడుసుకొని, కొక్కేన్ని పిడికిలి నిండ పట్టి తిప్పింది. ఏం కాలేదు.

"చూసుకుంట నిలవడ్డరేంది? గీ పక్క ఉన్నది, కొట్టుండ్రి."